మీటలు వెదకు వ్రేళ్లు

నంద్యాల బజారున తండ్రి ముచ్చటపడి కొనితెచ్చిన ప్లాస్టిక్ ఫోను, నొక్కినంతనే పాడునదియు రంగుదీపములు వెలిగించునదియు నయ్యును, నాలుగునాళ్లు తిరుగకుండ మంచము క్రిందికి చేరుటయు, ఆ బిడ్డయే తల్లి చేతిలోని అసలు ఫోనుకై ఇల్లు పీకి పందిరి వేయుటయు పసిపిల్లలున్న యింట నెవ్వరును చూడక మానరు. బొమ్మఫోనునందు లోపమేమియు లేదు. ఇంటిలోనివారు దేనికొఱకు తగవులాడుదురో, దేనిని చేతికందని అటకమీద దాచుదురో, ఏది కనబడకున్న పరుపులు దులిపి వెదకుదురో, అదియే అసలైన వస్తువని బిడ్డ తేల్చుకొనును. బొమ్మఫోను పోయినదని యే పెద్దమనిషియు నెన్నడును వెదకి యెఱుగడు. రెండేండ్లవాని పరిశీలన యింత సూక్ష్మమని యొప్పుకొనుటకు మనకు మనసు రాదు గాని, ఒప్పుకొన్న పిమ్మట వాని యల్లరిలో చాలభాగము తానై విప్పారును.

కొత్తపల్లె యను పేరుగల గ్రామములు తెలుగునేలపై కోకొల్లలు. ఇచ్చట చెప్పబోవునది నంద్యాల, ఆళ్లగడ్డల సీమలోనిది: నల్లరేగడి చేలు, కె.సి. కాలువక్రింద వరిమడులు, తూర్పున నల్లమల కొండలబారు. ఆ సీమలో నొక సామాన్యుని యింట నడుగిడినచో గడప దాటగానే గోడమీద స్విచ్చుబోర్డు, దానినుండి వ్రేలాడు చార్జరు తీగ, మూలను టీవీయు దాని తోడిపెట్టెయు, వంటింట మిక్సీ, ఫ్రిజ్జు, తలాపున టార్చిలైటు కనబడును. ఇవి చాలనట్లు తాతగారి జేబులో నొక ఫోను; ఆయన అరుగుమీద కూర్చుండి దానిలో నేవో అంకెలు నొక్కగా ఊరికి దూరముననున్న చేనిలో బోరుమోటారు కదలి నీరు పోయును. మొబైల్ స్టార్టరు మహిమ యది. మూడేండ్ల మనుమడు తాత మోకాలికడ నిలిచి యా తతంగమంతయు చూచును. తాతవ్రేలు నొక్కినది ఇచ్చట. నీళ్లు దుమికినది అచ్చట. ఇట్టి వింతను కన్నులార చూచిన బాలుడు ఫోనును ముట్టకుండ నుండవలెనని కోరుట న్యాయమా?

అదే సీమలోని ఆళ్లగడ్డ శిల్పులకు పెట్టినపేరు. శిల్పశాలయందు రాతిపొడి నడుమ ఆడుకొను పిల్లలు ఉలిని, సుత్తిని ముట్టుకొందురు, చీవాట్లు తిందురు, మరల ముట్టుకొందురు. కాని యచ్చట రహస్యమేమియు లేదు. ఉలి పడినచోటనే రాయి లేచును. దెబ్బయు ఫలితమును ఒక్కచోట, ఒక్కక్షణమున నుండును. కన్ను వాని రెంటిని కలిపి చూచును. విద్యుత్పరికరములయందు కారణమొకయెడ, కార్యమొకయెడ. నడుమ గోడలో దాగిన తీగయో, కంటికి కనబడని కిరణమో యున్నది. చిన్నచేతి చిన్నపనికి పెద్దఫలితము, అదియు తక్షణమే, ఎన్నిమాఱులు చేసినను తప్పక వచ్చుట యను గుణములు నాలుగును స్విచ్చునందు కూడినట్లు మఱి యే యాటవస్తువునందును కూడియుండవు.

ఈ యాకర్షణము నడక రాకమునుపే మొదలగును. కారొలిన్ రోవీ కోలియర్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త 1969లో ప్రకటించిన పరిశోధనయం దొక చక్కని యేర్పాటు గలదు. మన యిండ్లలో ఉయ్యాలపై చిలుకలగుత్తి కట్టినట్లు ఆమె పసికందుల తొట్టిపై బొమ్మలగుత్తి వ్రేలాడదీసి, దానినుండి యొక పట్టుదారమును శిశువు చీలమండకు కట్టెను. కాలు తన్నిన గుత్తి కదలును. రెండు మూడు నెలల కందు ఆ సంబంధమును కొలది నిమిషములలోనే పట్టుకొని, మునుపటికంటె మిక్కిలిగా కాళ్లు తన్న నారంభించెను. నేర్చినదానిని మూడు నెలల శిశువు ఇంచుమించు వారమువఱకు మఱవకుండుటయు తరువాతి పరిశోధనలలో తేలినది. మాట రాని, మెడ నిలువని ప్రాణికి, తనవలన లోకమున నొకటి జరిగినదను నెఱుక యంత యింపైనది.

స్విట్జర్లండునకు చెందిన జాఁ పియాజే తన మువ్వురు బిడ్డలను తొట్టినాటినుండి కనిపెట్టి చూచి, ఆ పరిశీలనలపై 1936లో నొక గ్రంథమును వెలువరించెను. పండ్రెండు మొదలు పదునెనిమిది నెలల నడుమ బిడ్డ చేయు పనులలో నొక క్రొత్త పోకడ యాతని కంటబడెను: చేసినదానినే మరల చేయుట కాక, ప్రతిమాఱును కొంచెము మార్చి చేయుట. వస్తువును ఒకప్పుడు ఎత్తునుండి, ఒకప్పుడు ప్రక్కనుండి, ఒకప్పుడు మెల్లగా జారవిడిచి, అది యెచ్చట పడునో చూచుట. కొత్తపల్లెలోని బాలుడు టీవీ రిమోటును మంచముపైనుండి పడవైచునప్పుడు చేయునది యిదియే. మొదటిమాఱు అది పరుపుపై పడి చప్పుడు చేయలేదు. రెండవమాఱు బండపై పడి టక్కుమన్నది. మూడవమాఱు వెనుకమూత ఊడి, రెండు సెల్లులును చెఱియొక దిక్కునకు దొర్లినవి. ఇంత ఫలితము వాడును ఊహింపలేదు. వెంటనే దిగి, ఒక సెల్లును నోటబెట్టి రుచి చూచి, మొగము వికారముగ పెట్టి, దానిని తలక్రిందుగ దూర్చి, మూత లేకయే రిమోటును టీవీవైపు చాచి నొక్కును. టీవీ పలుకదు. పలుకకపోవుటయు వాని కొక సమాచారమే. తల్లికి మాత్రము అది ధారావాహిక నడుమ వచ్చిన విపత్తు.

అనుకొన్నదానికి విరుద్ధముగ జరిగినపుడే బిడ్డ చేయి చుఱుకుదేలు ననుటకు సాక్ష్యము గలదు. ఎయిమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ అను నిద్దరు పరిశోధకురాండ్రు 2015లో ప్రకటించిన ప్రయోగమున, పదునొకండు నెలల పిల్లలకు బంతి గోడగుండ దూరిపోయినట్లు గాని, బొమ్మకారు అంచు దాటియు క్రిందబడనట్లు గాని కనికట్టు చేసి చూపి, ఆ వస్తువును వారి చేతికిచ్చిరి. గోడ దూరిన బంతిని చూచినవారు దానిని బల్లకు కొట్టి చూచిరి. గాలిలో నిలిచిన కారును చూచినవారు దానిని క్రిందికి వదలి చూచిరి. ఎట్టి వింత చూచిరో దానికి తగిన పరీక్షనే చేసిరన్నమాట. పగులగొట్టుట, పడవైచుట యని మనము విసుగుకొను రెండు పనులును ఇచ్చట ప్రశ్నకు తగిన ప్రయోగములుగ నిలిచినవి.

ఇక స్విచ్చు సంగతి. వేసవిపూట కొత్తపల్లెలో జరుగు నొక ముచ్చట యిట్లుండును. బాలుడు ప్లాస్టిక్ కుర్చీని కిరకిరలాడించుచు బోర్డువఱకు ఈడ్చుకొనివచ్చి, దానిపై నెక్కి, మొదటి మీటను క్రిందికి నొక్కును; ఫ్యాను తిరుగును. పైకెత్తును, ఱెక్కలు మెల్లగా నాగును. ఆగువఱకు తలయెత్తి చూచి మరల నొక్కును. "ఒరేయ్, కాలిపోతాదిరా అది, దిగు" మని అవ్వ లోపలినుండి కేకవేయును. ఇట్లు నాలుగైదు మాఱులు జరుగునంతలో ఊరి కరెంటు పోవును. మీట నొక్కినను ఫ్యాను కదలదు. వాడు మీటను చూచును, ఫ్యానును చూచును, ఈమాఱు బలముగ నొక్కును, ప్రక్కమీటను నొక్కును, తుదకు అరచేతితో మీటలన్నిటిని ఒక్కపెట్టున దిగద్రోయును. పిమ్మట కుర్చీ దిగి వంటింటికి పోయి, "అవ్వా, కరెంటు పాయె" నని నివేదించును. ఆ రాత్రి యెప్పుడో కరెంటు వచ్చినపుడు దీపములును, ఫ్యానులును, టీవీయు ఒక్కుమ్మడి మేలుకొని ఇంటిల్లిపాదిని లేపుటకు కారకుడెవ్వడో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ ముచ్చటయం దొక గంభీరమైన విషయ మిమిడియున్నది. మీటయే ఫ్యానును త్రిప్పుచున్నదని ప్రయోగముచే నిర్ధారించుకొన్న బాలునకు, ఆ మీటయే విఫలమైనపుడు మార్గములు రెండు. మీటకు నిలుకడ లేదని సరిపెట్టుకొనుట యొకటి. మీటకు వెనుక కంటికగపడని మఱియొకటి యుండి, అది లేనందున ఫలితము రాలేదని యూహించుట రెండవది. లారా షుల్జ్, జెసికా సోమర్‌విల్ అనువారు 2006లో ప్రకటించిన పరిశోధనయందు చిన్నపిల్లలు రెండవ మార్గమునే త్రొక్కిరి. స్విచ్చు నొక్కిన బొమ్మదీపము ఒకప్పుడు వెలిగి, ఒకప్పుడు వెలుగకున్నయెడల, అది యాదృచ్ఛికమని వారు విడువక, చాటున నడ్డు తగులునది యేదియో కలదని తలచిరి. మాటిమాటికి కరెంటు పోవు పల్లెలోని బిడ్డకు ఈ పాఠము విద్యుచ్ఛాఖవారు రుసుము లేకుండ నేర్పుచున్నారు. ఎన్నడును కరెంటు పోని పట్టణములోని పిల్లవాడు, గోడలోని మీటయే గాలిని పుట్టించునని చాలకాలము నమ్మియుండుటకు అవకాశ మెక్కువ.

మీటకు వెనుకనున్నది యేమి? నంద్యాల జిల్లాలోనే కృష్ణపై శ్రీశైలము గలదు. కుడిగట్టు విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రములు ఏడు గలవు. పాణ్యము ప్రాంతమున 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము గలదు. ఇవియు, మఱి యెన్నో కేంద్రములును ఒక్క వలలో కూడి, సెకనుకు ఏబది చక్రముల లయతో నడచుచుండును. బాలుడు మీట నొక్కినప్పుడు డెబ్బదియైదు వాట్ల ఫ్యానుభారము ఆ మహాజాలముపై నాక్షణమే పడును. తాతగారికిని తెలియని యీ సంగతిని మూడేండ్లవానికి చెప్పి లాభము లేదు. ఆరేండ్ల వానికి శ్రీశైలము చూపినపుడు చెప్పదగును.

రిమోటును గూర్చి మాత్రము చిన్నవానికిని చూపదగిన వేడుక యొకటి గలదు. రిమోటు మీటక్రింద రబ్బరుతొడుగున నొక నల్లని బొట్టు విద్యుత్తును ప్రవహింపజేయునది యుండును. నొక్కినపుడు అది పలకపైనున్న రెండు గీతలను కలుపును. వెంటనే లోపలి చిప్పు ఆ మీటకు చెందిన సంకేతమును లెక్కగట్టి, ముందుభాగముననున్న చిన్నదీపమును వెలిగించి యార్పును. చాలరిమోటులయందు ఆ మినుకు సెకనుకు ముప్పదియెనిమిదివేల మాఱులు సాగును. పరారుణకాంతి యగుటచే అది మన కంటికందదు. కాని ఫోను కెమెరాకు, అందును ముందుకెమెరాకు, తఱచుగా నందును. చీకటిగదిలో రిమోటును కెమెరాకు చూపి నొక్కినచో తెరపై ఊదారంగు చుక్క మినుకుమినుకుమనును. బాలుని చేతితో దీపమును కప్పించి నొక్కించుడు, టీవీ పలుకదు. రిమోటును వెనుకగోడకు త్రిప్పి నొక్కించుడు. కాంతి గోడకు తగిలి మరలివచ్చి, పలుమాఱులు టీవీ పలుకును. రిమోటు ఎటు చూపినను పనిచేయవలెనని చేతిని గిరగిర త్రిప్పు పిల్లవాడు ఈ ప్రయోగమును సగము తానే చేసియున్నాడు.

పెద్దలను చూచి పిల్లలు చేయుదురను మాట నిజమే, కాని వారు కన్నులు మూసికొని యనుకరింపరు. హంగేరీకి చెందిన గెర్గెయ్ మొదలగు పరిశోధకులు 2002లో ప్రకటించిన ప్రయోగమున నొక స్త్రీ బల్లపైనున్న దీపపుపెట్టెను చేతితో గాక నుదుటితో నొక్కి వెలిగించెను. ఆమె చేతులు ఖాళీగ నున్నప్పుడు చూచిన పదునాలుగు నెలల పిల్లలలో నూటికి 69 మంది తామును నుదుటితోనే నొక్కిరి. చలివలన దుప్పటి కప్పుకొని చేతులు చిక్కుపడినట్లున్నప్పుడు చూచినవారిలో నూటికి 21 మంది మాత్రమే యట్లు చేసిరి. తక్కినవారు హాయిగా చేతితో నొక్కిరి. చేతులుండియు నుదురు వాడినదనగా అందొక విశేషముండవలెనని తొలివారి తర్కము. ఇంత తర్కించువాని యెదుట, రెండుకాళ్ల ప్లగ్గు పట్టని సాకెట్టులో పై రంధ్రమున పెన్ను దూర్చి లోమూత తెఱచు పెద్దవారు, తామే గురువులై యేమి నేర్పుచున్నారో తలచుకొన వలసియున్నది. మఱునాడు వాడు సూదిని దూర్చును.

అల్లరియందు యంత్ర మొక్కటియే పరీక్షకు లోనగునని తలపరాదు, మనమును పరీక్షింపబడుచున్నాము. సాకెట్టువైపు చేయి చాచిన బిడ్డ దానిని తాకుటకు ముందు వెనుదిరిగి తల్లిమొగము చూచును. 1985లో ప్రకటితమైన ప్రసిద్ధ ప్రయోగ మొకటి దీనికి సంబంధించినదే. గాజుపలక క్రింద కొంచెము లోతుగనుండు మెట్టు నేర్పఱచి, ఏడాదిబిడ్డలను దానికడకు తెచ్చి, ఆవల తల్లులను నిలిపిరి. తల్లి నవ్వుమొగముతో చూచినప్పుడు పందొమ్మిదిమందిలో పదునలుగురు దాటిరి. భయము కనబఱచినపుడు పదునేడుగురిలో నొక్కడును దాటలేదు. కావున తొలినాళ్ల ఆ చూపు అనుమతి కోరుట. ఏడాదిన్నర గడచునప్పటికి అదే చూపు వేఱొక రూపు దాల్చును. చేయి బోర్డుమీద నుంచి, కంటికొసల నవ్వుచు, "ఇప్పుడేమందువో చూతము" అన్నట్లు నిలుచును. అవ్వ "పెట్టాకురా నాయనా, కరెంటు కొడ్తాది" అని పరుగెత్తి వచ్చును. ఆ పరుగే వానికి ఫలితము. నొక్కినంతనే యరచు అవ్వ యుండగా బొమ్మఫోనెందుకు? బిడ్డకు భయము చెప్పవలసినపుడు కేకకంటె మొగము మేలని, అదియు నిజముగ ప్రమాదమున్నచోటనే దాచియుంచుకొనుట మేలని నా యభిప్రాయము. రిమోటుకును సాకెట్టుకును ఒక్కతీరున గగ్గోలుపడు నింట, బిడ్డకు రెండును సమానమగును.

అవి సమానములు కావు. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. శరీరముగుండ ఒక మిల్లీయాంపియరు పాఱినచో జిల్లుమనును. పది దాటిన కండరములు బిగిసి పట్టిన తీగను విడువనీయవు. ముప్పది దాటిన ఊపిరికిని గుండెకును ముప్పు. బేతంచెర్ల బండలు పఱచిన నేలను కడిగిన వెంటనే, తడికాళ్లతో, చెప్పులు లేక నిలిచిన బిడ్డకు ఆ ప్రవాహము పాఱుట మిక్కిలి సులభము. మూతలు గల సాకెట్టునందు పొడవుగను లావుగను ఉండు ఎర్తుకాలు పై రంధ్రమున దూరినగాని క్రింది రెండు రంధ్రములును తెఱచుకొనవు; ఆ కాలు పొడవుగ నుండుటయం దొక ప్రయోజన మిదియే. ముప్పది మిల్లీయాంపియర్ల లీకునకే సరఫరాను కత్తిరించు ఆర్.సి.సి.బి. మీటరుపెట్టెకడ నుండుట అంతకంటె ముఖ్యము. క్రొత్తయింటికి రంగులకై పెట్టు ఖర్చులో నిది యెన్నవవంతు?

దీనికంటె మోసకరమైనది బొత్తామువంటి సెల్లు. పాటపాడు బొమ్మలలో, దీపాల చిన్న రిమోటులలో, కారు తాళములలో నుండు ఇరువది మిల్లీమీటర్ల లిథియము బిళ్ల మూడు వోల్టులదే, షాక్ కొట్టదు. కాని బిడ్డ మ్రింగినపుడు అది అన్నవాహికలో చిక్కుకొన్నచో, తడికణజాలముగుండ ప్రవాహము సాగి, ఋణధ్రువము కడ తీవ్రమైన క్షారము పుట్టి, రెండుగంటలలోనే దానిని కాల్చివేయగలదు. బిడ్డ ఏడ్వకపోవచ్చును, దగ్గు, చొంగ, అన్నము తినకుండుట మాత్రమే కనబడవచ్చును. అనుమానము కలిగినచో వాంతి చేయింపరాదు. ఎక్స్‌రే గల ఆసుపత్రికి తత్‌క్షణమే కొనిపోవలెను. ఏడాది నిండిన బిడ్డకు దారిపొడవున పదినిమిషముల కొకమాఱు రెండు చెంచాల తేనె పట్టుట అమెరికాలోని విషచికిత్సా నిపుణులు చెప్పుచున్న యుపాయము, అదియు ప్రయాణమున నిమిషమైనను జాగు కాకుండ. ఇట్టి సెల్లుగల వస్తువుల మూత మరబిగించినదై యుండవలెను; వేలితో తెఱచుకొను మూతగల బొమ్మను కొననేవలదు.

ఇక ఫోను. అక్షరము రాని మూడేండ్లవాడు ఫోనులోని మైకుబొమ్మను నొక్కి, తనకు కావలసిన కోతిబొమ్మల పేరు పలికి తెప్పించుకొనుచున్నాడు. మాటను యంత్రమునకు తెలియజేయు విద్యకు ఆద్యులలో నొకరు చిత్తూరు సీమలోని కాటూరున 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. 1960లలో స్టాన్‌ఫర్డున మొదలిడి, 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 'హియర్సే' అను వాగ్గ్రహణ వ్యవస్థను నిర్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన తొలి యాసియా సంతతివా డాయన. చదువురానివానికిని కంప్యూటరు అందవలెనని కోరిన ఆయన సంకల్పమును అందఱికంటె ముందుగ వాడుకొనుచున్నవాడు ఈ బుడుతడు. అయినను, ఫోనునం దొక లోపము నాకు తోచుచున్నది. అది అన్నిటికిని బదులిచ్చును గాని, ఎట్లు బదులిచ్చుచున్నదో చూపదు. వ్రేలు గాజుపై జారును; గాజు మాత్రము ఎల్లప్పు డొక్కతీరుననే యుండును. రెండేండ్లలోపు బిడ్డకు తెర వలదనియు, నాలుగేండ్లవఱకు దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది కదలికను, నిద్రను దృష్టియం దుంచుకొని. నా ఫిర్యాదు వేఱు.

అట్లని పెద్దలే పూనుకొని అన్నియు చూపుటయు తగదు. ఎలిజబెత్ బోనావిట్జ్ మొదలగు పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగమున నాలుగు రహస్యములు గల యొక క్రొత్త యాటవస్తువును పిల్లలకిచ్చిరి. ఒక గొట్టము లాగిన కూయును, అని పెద్దలు పనిగట్టుకొని చూపినపుడు పిల్లలు దానినే లాగుచు, తక్కిన రహస్యముల జోలికి అంతగా పోలేదు. అదే కూత పొరపాటున వచ్చినట్లు నటించి విడిచినప్పుడు వారు వస్తువంతటిని త్రవ్వి చూచిరి. మంచి గురువునకు ఇది చేదుమందే.

కావున అటకమీద మూలుగుచున్న పాత ట్రాన్సిస్టరు రేడియోను దింపి, సెల్లులు తీసి, ఒక స్క్రూడ్రైవరుతో పాటు ఐదారేండ్ల వానికి అప్పగించుట, ప్రక్కన కూర్చుండి యేమియు చెప్పకుండుట, నా కెఱుకపడిన మంచి యేర్పాటు. గోడప్లగ్గుతో నడచు టీవీ, మిక్సీ, ఇన్వర్టరువంటివానిని మాత్రము విప్పనీయరాదు. పాత టీవీ గాజుగొట్టము ప్లగ్గు తీసిన పిమ్మటను చాలసేపు ఘాతుకమైన ఆవేశమును దాచుకొనగలదు. రేడియోలో అట్టిదేమియు లేదు. వెనుకమూత తీయగానే, ముందునున్న మరను త్రిప్పినపుడు దారమొకటి చక్రములమీదుగ ప్రాకి సూదిని జరుపుటయు, అదే మరతో గ్యాంగు కండెన్సరు రేకులు పాతకాలపు రేడియోలలో ఒకదాని సందుల నొకటి దూరుటయు కంటికి కనబడును. కడప రేడియోకేంద్రము సూదిక్రింద నేల పలికెడిదో ఆ రేకులు చెప్పును. తుదకు స్పీకరు ఊడివచ్చును, దాని కాగితపుగరాటు చిరుగును, వెనుకనున్న అయస్కాంతము చేతికి దొరకును.

ఆ అయస్కాంతము దొరకినది మొదలు కుందూనది యిసుకలో దానిని ఈడ్చుటయు, దాని నంటిన నల్లని రేణువులను, అనగా మాగ్నటైటు అను ఇనుపఖనిజపు రజమును, అగ్గిపెట్టెలో దాచుటయు జరుగును. పాత గాజుతెర టీవీ యున్న యింట దానిని కనిపెట్టి యుండవలెను: తెరకు తాకించినచో లోపలి సన్నని లోహపుజల్లెడ అయస్కాంతత్వమును పొంది, రంగులు చెదరి, పచ్చ, ఊదా మచ్చ లేర్పడును, టీవీ నార్పి, కొంతసేపు చల్లారనిచ్చి మరల వేయుచుండిన అవి చాలవఱకు పోవును. పలుచని ఎల్.ఇ.డి. టీవీకి ఆ బాధ లేదు. పిల్లవాడు రెండింటిమీదను పెట్టి చూచును.